డబ్బా బీరు, ఎడ్ల పొత్తు

పోచన్నకు ఒకటే ఎద్దు. అతని బామ్మర్ది కిషన్‌కూ ఒకటే ఎద్దు. రెండూ ఒక కాడికిందికి వస్తేనే రెండిళ్లకూ దుక్కి. సిరొంచకు ఎగువన, ప్రాణహిత ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ఇలాంటి పొత్తులు ఇంకా కొన్ని ఉన్నా, వీళ్ల పొత్తు మీద ఎవరికీ అనుమానం ఉండేది కాదు. పోచన్నది నల్లెద్దు. అది కాడికి ఎడమ పక్కన, అంటే దాపట నడుస్తుంది. కిషన్‌ది తెల్లెద్దు, కుడి పక్కది, ఎలపట. దూడలప్పుడు ఏ పక్క నేర్పితే చచ్చేదాకా ఆ పక్కనే నడుస్తాయి ఎడ్లు. పక్క మార్చి కడితే సాలు వదిలి గట్టెక్కుతాయి. కాబట్టి ఆ నల్లెద్దుకు ఆ తెల్లెద్దు తప్ప జోడీ లేదు, ఈ తెల్లెద్దుకు ఆ నల్లెద్దు తప్ప గతి లేదు.

అలాంటి పొత్తు ఆ ఎండాకాలం తెగిపోయింది. గట్టు దగ్గర కాదు, గడ్డి దగ్గర కాదు. బీరు సీసాలో ఒక రుచి, డబ్బాలో ఇంకో రుచి ఉంటుందా ఉండదా అన్న దగ్గర తెగింది.

ఈ సంగతి దుర్గమ్మకు ముందు నవ్వు తెప్పించింది. తర్వాత కోపం తెప్పించింది. ఆ తర్వాత నిద్ర పట్టనివ్వలేదు. ఆమె పోచన్నకు భార్య, కిషన్‌కు అక్క. తల్లి పోయిన తర్వాత కిషన్‌ను చంకనేసుకుని పెంచింది ఆమే. ఇటు మాట్లాడితే తమ్ముడికి ద్రోహం, అటు మాట్లాడితే మొగుడికి ద్రోహం.

ఆ ఊరున్న గడ్చిరోలి జిల్లాలో మందు అమ్మొద్దు, తాగొద్దు. కానీ ఏటికి ఆవలి ఒడ్డు అప్పట్లో ఆంధ్రప్రదేశ్, అక్కడ ఏ అడ్డూ లేదు. ఎండాకాలం ఏరు మోకాలి లోతుకు దిగితే, పని పేరు చెప్పి ఆ ఒడ్డుకు పోయొచ్చే మొగవాళ్లు ఊళ్లో చాలామందే. దుర్గమ్మ దారూబందీ మండలిలో, అంటే మందు మాన్పించే ఆడవాళ్ల సంఘంలో, ఉన్న మనిషి. ఇప్పసారా కుండలు పగలగొట్టిన ఆడవాళ్లలో ముందు వరుసలో నిలబడ్డది. అయినా మొగుడిని గడపలో కట్టేయలేదు గనక ఇంట్లో ఒక కట్టు పెట్టింది. ఆ ఒడ్డున తాగింది ఆ ఒడ్డుననే దిగిపోవాలి, ఇవతల కాలు పెట్టేటప్పటికి మనిషి మనిషిలా ఉండాలి. పోచన్న ఆ కట్టు ఎప్పుడూ దాటలేదు. చుట్టాలింట ఆ పెళ్లి రోజు దాకా.

పెళ్లి ఆవలి ఒడ్డున, వాళ్ల చుట్టం ఎర్రయ్య ఇంట్లో జరిగింది. భోజనాల తర్వాత మామిడి చెట్ల కింద మొగవాళ్లకు బీర్లు పంచారు. కొన్ని సీసాలు, కొన్ని డబ్బాలు. డబ్బా బీరు ఆ దిక్కున అప్పుడప్పుడే కనబడుతోంది, దాన్ని చేతపట్టుకుంటే మనిషికి అదో దర్జా. పోచన్న ఒక సీసా అయ్యాక డబ్బా పుచ్చుకున్నాడు. రెండు గుక్కలు తాగి, మూతి తుడుచుకుని, దీనికంటే సీసాదే నయం, ఈ డబ్బాలో ఇనుము వాసనొస్తోందన్నాడు.

కిషన్ నవ్వాడు. "ఒక్కటే కంపిని, ఒక్కటే సరుకు. డబ్బల పోస్తె మారుతదా బావా? నీ నాలికెకు తంబాకు పట్టి చెడింది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అసలు తప్పు ఆ నవ్వుదే అని దుర్గమ్మ తర్వాత లెక్కగట్టింది. ఇద్దరే ఉండి ఉంటే ఆ మాట ఏట్లో కలిసిపోయేది. పదిమందిలో పడేసరికి పోచన్న దాన్ని వదల్లేదు. చెడింది నా నాలుకో, రుచే తెలియనిది నీ నాలుకో అన్నాడు. కిషన్ ఇంకో డబ్బా తెప్పించి, గడగడా తాగి, ఏ వాసనా లేదని ఒట్టు పెట్టాడు. పోచన్న కూడా ఒట్టు పెట్టాడు. ఒకే సరుకు డబ్బా మీద రెండు ఒట్లు. ఒకటి అబద్ధమన్నట్టే కదా. మాట మాట పెరిగి, ఎటు తిరిగి ఎటు వచ్చిందో, చివరికి ఎద్దు మీదికి వచ్చింది.

"గీ నాలికెతోనే గదా నా ఎద్దు సోమరిదని ఊరంత చెప్పుకొచ్చినవు," అన్నాడు కిషన్.

"సోమరిది గనుకనే చెప్పిన."

"అయితె ఇగ నా ఎద్దు జోలికి రాకు."

ఇద్దరూ ఒకే దారిన ఏరు దాటి వచ్చారు, ఒకరు ముందు, ఒకరు చాలా వెనక. పోచన్న ఇంటికి వచ్చి, ఇన్నేళ్ల కట్టు మరిచిపోయి, కండువాలో చుట్టుకొచ్చిన ఖాళీ డబ్బాను భార్య ముందు పెట్టాడు. నువ్వే వాసన చూడు, నీ తమ్ముడు నన్ను అబద్ధాలకోరును చేసిండన్నాడు. దుర్గమ్మ ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన కంపు కొట్టింది. దాన్ని తీసుకుపోయి పెరట్లో పెంటకుప్ప మీదికి విసిరింది.

ఎండలు ముదిరాయి. మిరుగు, అంటే మృగశిర కార్తె, దగ్గరపడింది. తొలివాన పడితే నేల దున్ని నారుమడి సిద్ధం చేసుకోవాలి, ఆలస్యమైతే నాట్లు వెనకబడతాయి, వెనకబడితే గింజ తాలుపోతుంది. ట్రాక్టరు పిలుద్దామా అంటే వాళ్ల మడులు ఏటి వంపు వెంట మెలికలు తిరిగిన పీలికలు, అది దిగితే తిరగడానికి చోటుండదు. పోచన్న పంతానికి ఊళ్లోనే ఉన్న పోశం అనే అతని ఎద్దును అడిగి తెచ్చాడు. తీరా చూస్తే అదీ దాపటదే. రెండు దాపటి ఎడ్లను ఒక కాడికి కడితే ఏమవుతుందో ఊరంతా గట్టు మీద నిలబడి చూసింది. రెండూ ఒకే పక్కకోసం ఒకదాన్నొకటి తోసుకుని, చివరికి నాగలిని తుమ్మ కంపలోకి లాక్కుపోయాయి. పోచన్న ముళ్లు తీసుకుంటూ ఇంటికొచ్చాడు. అటు కిషన్ గతి కూడా అంతే. తెల్లెద్దు పాకలో పడుకుని నెమరు వేస్తోంది.

దుర్గమ్మ మొదట రాజీ మాటలు చెప్పి చూసింది. ఎవరిని తప్పు ఒప్పుకోమన్నా, ముందు అవతలివాడు ఒప్పుకోవాలి గదా అన్నారు. అప్పుడు ఆమెకు పట్టుకుంది అసలు ప్రశ్న. ఇద్దరిలో అబద్ధమాడేవాడు ఎవడు?

పోచన్న తిక్కమనిషే గానీ లేని వాసన ఉందనే మనిషి కాదు. కిషన్ నోటి దురుసు గలవాడే గానీ ఒట్టు పెట్టి బొంకేవాడు కాదు, వాణ్ని పెంచిన తనకు తెలియదా. పులుసు మట్టికుండలో కాస్తే ఒక రుచి, సిల్వరు గిన్నెలో కాస్తే ఒక రుచి. కల్లు కూడా మట్టి లొట్టిలో ఉన్నట్టు ప్లాస్టిక్ డబ్బాలో ఉండదని తాగేవాళ్లే అంటారు. అలా చూస్తే పోచన్న మాటలో పస ఉంది. మరి కిషన్‌కు ఎందుకు తెలియలేదు? ఆమె బీరు చుక్క నాలుక మీద వేసుకున్నది కాదు, వేసుకునే ఉద్దేశమూ లేదు. కానీ ఆ ప్రశ్న పంటిలో ఇరుక్కున్న పీచులాగ వదల్లేదు.

పెంటకుప్ప మీద డబ్బా ఇంకా అక్కడే ఉంది. ఇన్నాళ్లు వానకు మంచుకు కాకపోయినా ఎండకు, పేడకు పడి ఉన్నా దానికి తుప్పు పట్టలేదు. ఇనుమైతే తుప్పు పట్టాలి. చేతిలోకి తీసుకుంటే తేలిక, వేలితో నొక్కితే సొట్ట పడింది. ఇది ఇనుము కాదు, సిల్వరే అనుకుంది. బూడిద వేసి తోమి, కడిగి, కుండలో నీళ్లు ముంచి, తల పైకెత్తి గొంతులో పోసుకుంది. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. ఇంకోసారి పోసుకుంది. అంతే. అయితే తమ్ముడి మాటే నిజమని కొంత సంతోషపడి, మొగుడి నాలుక నిజంగానే చెడిందేమో అని కొంత దిగులుపడింది.

ఆ దిగులుతోనే ఆ పూట పోచన్న తిండిని కనిపెట్టి చూసింది. కూరలో కావాలనే ఉప్పు కొంచెం తగ్గించింది. మొదటి ముద్దకే పట్టుకున్నాడు. నాలుక చెడిన మనిషి కాదు. తిన్న తర్వాత అతను నీళ్ల చెంబు అందుకున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఎన్నిసార్లు చూసిందో, ఎప్పుడూ చూడనట్టే అప్పుడు చూసింది. చెంబు అంచు మీద రెండు పెదవులూ ఆనించి, ముక్కు చెంబులోకి దించి, లేగదూడ పొదుగు పట్టినట్టు తాగుతున్నాడు. వాళ్లమ్మకు ఒక్కడే కొడుకు, చెంబు పంచుకోవలసిన పని ఎన్నడూ పడలేదు.

దుర్గమ్మ లేచి, చెయ్యి కూడా కడుక్కోకుండా, నాలుగిళ్ల అవతల ఉన్న తమ్ముడి ఇంటికి పోయింది. పరేషాన్ అయ్యి వచ్చిందేమని కిషన్ మంచం వేశాడు. ఆమె మంచం మీద కూర్చోకుండా, జర నీళ్లు తాగి చూపించరా తమ్మీ అంది. అక్కకు మతి పోయిందనుకున్నాడు గానీ కిషన్ చెంబు తీసుకున్నాడు. తల వెనక్కి వాల్చి, చెంబు జానెడు పైకెత్తి, ధార కట్టి పోసుకున్నాడు. గొంతులో ముడి పైకీ కిందికీ ఆడింది, ఒక్క బొట్టు బయట పడలేదు. అల్లపల్లి కలప డిపోలో దుంగలు మోసేటప్పుడు అంతమందికి ఒకటే నీళ్ల డబ్బా ఉండేదనీ, దానికి మూతి పెట్టినవాడికి ఆ రోజు తిట్లే భోజనమనీ అతను ఎప్పుడో చెప్పాడు. ఇంకేం అడగకుండా ఆమె వెనక్కి తిరిగింది.

తెల్లారి బట్టల మూటలో డబ్బాను దాచుకుని రేవుకు పోయింది. రాళ్ల చాటున కూర్చుని, డబ్బా నిండా ఏటి నీళ్లు పట్టి, ముందు ఎత్తి పోసుకుంది. ఏమీ లేదు. తర్వాత పోచన్నలాగ అంచుకు పెదవులు ఆనించింది. చిన్నప్పటి నుంచి లేని అలవాటు, చేస్తుంటే సిగ్గుగా అనిపించింది. నీళ్లు నోట్లోకి రాకముందే ముక్కుకు తెలిసింది. పైస బిళ్లను నాకినట్టు ఒక వాసన. గుక్క మింగాక కూడా పెదవి మీద నిలిచింది. మళ్లీ ఎత్తి పోసుకుంది. పోయింది. మళ్లీ మూతి పెట్టింది. వచ్చింది.

"దుర్గా, ఏం తాగుతున్నవే?"

వెనక రాజుబాయి నిలబడి ఉంది. దారూబందీ మండలికి పెద్ద. సారా కాసేవాళ్లు ఆమె చెప్పుల చప్పుడుకే పొయ్యి ఆర్పేస్తారు. ఆమె ముందు బీరు డబ్బాకు మూతి పెట్టి దొరికిన మండలి సభ్యురాలు ఏం చెప్పాలో, చెప్పింది ఎవరు నమ్మాలో. దుర్గమ్మ ఏదీ దాచలేదు. పెళ్లి, ఒట్లు, ఎద్దులు, తుమ్మ కంప, చెంబులు, అన్నీ చెప్పి డబ్బాను ఆమె చేతిలో పెట్టింది. రాజుబాయి ముందు వాసన చూసి నీళ్లేనని తేల్చుకుంది. నవ్వలేదు, కసరలేదు. అటూ ఇటూ చూసి, బండ మీద కూర్చుంది.

"జర నన్ను చూడనియ్యి."

ఆమె ఎత్తి పోసుకుంది. మూతి పెట్టింది. కాసేపు ఆలోచించి, ముక్కు రెండు వేళ్లతో మూసుకుని మళ్లీ మూతి పెట్టింది. అప్పుడు వాసన లేదు. ముక్కు వదిలితే ఉంది. "నాలికెది కాదే, ముక్కుది," అంది. డబ్బాకు మూతి పెడితే ముక్కు దాని నెత్తి మీదనే కూర్చుంటది గదా అని వేలితో చూపించింది. ఎత్తి పోసుకునే వాడి ముక్కుకు డబ్బా దూరం. మరి సీసా సంగతేమిటని దుర్గమ్మ అడిగింది. గాజుకు ఏ వాసనా లేదు, ఎట్ల తాగినా ఒకటే కావాలె అంది రాజుబాయి, అయినా చూడకుండా ఎట్ల చెప్తం అని కూడా అంది. మధ్యాహ్నానికి, మండలి పట్టుకున్న సామాను గోనెలోంచి ఒక ఖాళీ సీసా వేడినీళ్లతో కడిగి దుర్గమ్మ ఇంటికి పంపింది. రేవులో జరిగిన సంగతి మాత్రం రేవులోనే ఉండాలని మాట తీసుకుంది.

మిరుగు వాన ఒక సాయంత్రం దబదబా కొట్టి, తెల్లారేసరికి నేలంతా నానబెట్టి వెళ్లింది. ఊళ్లో అన్ని అరకలూ కదిలాయి. దుర్గమ్మ పొద్దున్నే తమ్ముడి వాకిట్లో నిలబడి, అన్నం చేనికి తెస్తున్న, గట్టు మీదికి రా అని చెప్పి, జవాబు కోసం ఆగకుండా వచ్చేసింది. ఇద్దరి చేన్లూ పక్కపక్కనే. ఆమె గంప దించేటప్పటికి పోచన్న గట్టుకు ఇవతల, కిషన్ అవతల, ఒకరి వీపు ఒకరికి పెట్టి కూర్చున్నారు. నల్లెద్దు ఒక మూల మేస్తోంది, తెల్లెద్దును కిషన్ ఎందుకో తోలుకొచ్చి తాడు పట్టుకుని ఉన్నాడు. అది చూసి దుర్గమ్మకు కొంచెం ధైర్యం వచ్చింది.

గంపలోంచి పల్చటి మజ్జిగతో నింపిన సీసా ఒకటి, డబ్బా ఒకటి తీసి గట్టు మీద పెట్టింది. ఇద్దరూ డబ్బాను గుర్తుపట్టారు. పోచన్న లేవబోయాడు. తాగకుంటే పొద్దుగూకే దాకా ఇక్కడనే నిలబడత, మీ ఇండ్లల్ల పొయ్యి అంటుకోదని ఆమె చెప్పింది. అలవాటైనట్టు తాగమంది.

సీసా ఇద్దరికీ ఒకేలా ఉంది. డబ్బా దగ్గర పోచన్న మూతి ఆనించి, గుక్క మింగి, ఇనుమే అన్నాడు. కిషన్ ఎత్తి పోసుకుని, ఏం లేదన్నాడు. పాత తగాదా మళ్లీ కళ్లలోకి వచ్చింది.

"ఇప్పుడు తారుమారు చెయ్యుండ్రి," అంది దుర్గమ్మ. "నువ్వు ఎత్తి పోసుకో. తమ్మీ, నువ్వు మూతి పెట్టు."

పోచన్న జన్మలో ఎత్తి పోసుకున్నవాడు కాదు. మజ్జిగ సగం మీసాల మీద, సగం ముక్కులోకి పోయింది. దగ్గుతూ తుమ్ముతూ ఉంటే తెల్లెద్దు కూడా తల తిప్పి చూసింది. రెండోసారి జాగ్రత్తగా, చిన్న ధారగా పోసుకున్నాడు. మింగి, పెదవులు చప్పరించి, డబ్బాను తిప్పి చూశాడు. మూడోసారి పోసుకున్నాడు.

"ఏమైంది?" అంది దుర్గమ్మ.

"మజ్జిగనే."

"ఇనుము?"

"లేదు," అన్నాడు చివరికి.

డబ్బా కిషన్ చేతికి వచ్చింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పాడు. కండువా కొసతో అంచు తుడిచాడు. మళ్లీ తిప్పి, మళ్లీ తుడిచాడు. పోచన్న ముఖం నల్లబడింది. దుర్గమ్మ ఇంత దూరం తెచ్చిన పని ఆ కండువా కొసతో తుడిచిపెట్టుకుపోయేలా ఉంది.

"నా ఎంగిలికి గంత రోత పుట్టిందా?" అన్నాడు పోచన్న, మెల్లగా.

"రోత గాదు బావా." కిషన్ తల ఎత్తలేదు. "చిన్నప్పుడు నేను నీళ్ల కుండకు మూతి పెడితె అక్క గంటెతోని మెటికెల మీద కొట్టింది. అగో, అప్పటిసంది దేనికి మూతి పెట్టబోయినా ముందు గంటెనే యాదికొస్తది."

దుర్గమ్మకు ఆ దెబ్బ గుర్తు లేదు. పిల్లాడిని పెంచే మనిషి ఎన్ని కొడుతుంది, ఎన్ని గుర్తుంటాయి. డబ్బాలో వెతికింది, నాలుకల మీద వెతికింది, ముక్కు దాకా పోయింది. చూస్తే సంగతి తన చేతి గంటెలో ఉంది.

"గంటె ఇంటి దగ్గర్నే ఉన్నది," అంది. "పెట్టు."

కిషన్ ఒకసారి బావ ముఖం చూశాడు. తర్వాత డబ్బాను తిప్పకుండా, తుడవకుండా, బావ పెదవులు ఆనిన చోటనే తన పెదవులు ఆనించి తాగాడు. ఒక గుక్క కాదు, ఉన్నదంతా తాగాడు. దించిన తర్వాత ముక్కు చిట్లించాడు.

"ఉన్నది బావా. పైస బిళ్ల నాకినట్టున్నది."

పోచన్న కండువాతో మీసాలు తుడుచుకున్నాడు. తంబాకు మాట వాపస్ తీసుకుంటవా అని అడిగాడు. కిషన్ తీసుకుంటానన్నాడు. ఎద్దు సోమరిదన్న మాట నువ్వు తీసుకుంటవా అని అతనూ అడిగాడు.

"అది ఎట్ల తీసుకుంట? అది సోమరిదే."

కిషన్ తాడు కొసన నిలబడి నిలబడే కునుకు తీస్తున్న తెల్లెద్దు వైపు చూశాడు. "సోమరిదే," అని ఒప్పుకున్నాడు. "కని ఎలపట నడిచేది అదే గదా."

ఆ మాట మీద ఇద్దరూ లేచారు. కాడి ఎత్తుతూ పోచన్న కొత్త అనుమానం లేవదీశాడు. డబ్బా బీరును గాజు గ్లాసులో వంచుకుని మూతి పెడితే వాసన ఉంటుందా ఉండదా అని. ఉండదని కిషన్, కొంత అంటుకునే ఉంటుందని పోచన్న. అది చూడాలంటే ఆ ఒడ్డుకే పోవాలి, నాట్లు అయినంక చూద్దామనుకున్నారు. దుర్గమ్మ విననట్టు గంప సర్దుకుంది. పాత కట్టు మాత్రం ఇంకోసారి గట్టిగా చెప్పింది, డబ్బాలు ఇంటికి తేవడం కూడా అందులోకే వస్తుందని కలిపింది. గ్లాసు సంగతి ఏం తేలుతుందోనని ఆమెకూ లోపల ఉంది. రాజుబాయితో మాట్లాడాలి అనుకుంది.

నల్లెద్దు దాపట, తెల్లెద్దు ఎలపట. నానిన నేల కర్రు కింద మెత్తగా విచ్చుకుంది. మొదటి సాలు ఏటి వంపు వెంటే తీరుగా పోయింది, మలుపు తిరిగి వచ్చింది. రెండో సాలు సగంలో తెల్లెద్దు, ఎప్పటిలాగే, ఏ కారణమూ లేకుండా ఆగిపోయింది.

పోచన్న నోరు తెరిచాడు. పక్కన నడుస్తున్న బామ్మర్దిని చూశాడు. నోరు మూసుకుని, నాగలి వదిలి గట్టు దగ్గరికి వచ్చి, మజ్జిగ మిగిలిన సీసా అందుకుని, ఎత్తి పోసుకున్నాడు. సగం చొక్కా మీదనే పోయింది.